మూడవ పడక ఎవరిది?

ఇంటి సామాను గురించి సూటిగా లెక్క చెప్పిన హదీసు ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) దాని ఉల్లేఖకులు. ఇంట్లో ఒక పడక భర్తకు, ఒకటి అతని భార్యకు, మూడవది అతిథికి, నాలుగవది ఉంటే అది షైతానుకు అని దైవప్రవక్త (స) ఉపదేశించారు. చదవడానికి చిన్న మాట. కాని మన ఇళ్ళ ముందు నిలబెట్టి చూస్తే చాలా పెద్ద మాట.

దీన్ని విని, మరి ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఏం చేయాలి అని అడిగేవారు ఉంటారు. ఇమామ్ నవవీ (రహ్మలై) ఈ సందేహానికి తావు లేకుండా వివరించారు. ఇక్కడ ఉద్దేశం అంకె కాదు. అవసరాన్ని మించి, నలుగురిలో గొప్ప కోసం, ప్రాపంచిక ఆడంబరం కోసం చేర్చుకున్నదే నాలుగవ పడక. నిందార్హమైనదేదైనా షైతానుకే ఆపాదించబడుతుంది. అంతే. అందువల్ల పిల్లల పడకలు, రోగి పడక, వృద్ధులైన తల్లిదండ్రుల పడక ఈ నాలుగవ దానిలోకి రావు.

సాధారణంగా ఈ హదీసును మనం దుబారాను ఖండించడానికి వాడుకుంటాం. నాలుగవ పడక మీద ప్రసంగాలు విన్నాం. మూడవ పడక మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ వ్యాసం ఆ మూడవ దాని గురించే. ఎందుకంటే ఈ మధ్య మన ఇళ్ళలోంచి నిశ్శబ్దంగా బయటికి వెళ్ళిపోతున్నది అదే.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాలలో కొత్తగా గృహప్రవేశం జరిగిన ఇళ్ళు కొన్ని చూడండి. తెల్లని గోడలు. హాల్లో బూడిద రంగు సోఫా ఒక్కటి. నేలకు ఆనుకున్నట్టుండే మంచం. పిడి కూడా కనిపించని అల్మారా తలుపులు. వంటగదిలో గిన్నె ఒక్కటైనా పైకి కనబడదు. దీన్ని మినిమలిజం అంటున్నారు. వీలైనంత తక్కువ సామానుతో, ఖాళీ జాగాయే అందంగా కనిపించేలా ఇల్లు అమర్చుకోవడమని దీని అర్థం. గత శతాబ్దపు యూరప్ వాస్తు శిల్పుల దగ్గర మొదలై, జపాను ఇళ్ళ పద్ధతిని కొంత కలుపుకొని, పత్రికల ద్వారా, ఫోన్ల ద్వారా మన దాకా వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఐకియా సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులోనే తెరిచింది. అప్పటి నుండి మన జిల్లాల వాళ్ళకు కూడా ఈ సాదా ఫర్నిచర్ కొత్త కాదు.

ఇందులో తప్పేముంది? నిజానికి పైకి చూస్తే మెచ్చుకోవలసిందే ఎక్కువ. దీనికి ముందున్న ధోరణి ఎలాంటిదో మనకు తెలుసు. గోడ మొత్తం ఆక్రమించిన షోకేసు, అందులో ఏ అతిథికీ ఎన్నడూ టీ పోయని గాజు కప్పులు, సింహాసనాల్లాంటి చెక్కడపు సోఫాలు, రంగు రంగుల బల్బులు పొదిగిన ఫాల్స్ సీలింగ్. వాటి దుమ్ము దులపడంలో ఇంటి ఇల్లాలి సగం రోజు గడిచేది. ఆ సామాను తగ్గితే ఆమెకు తీరిక చిక్కుతుంది, నమాజుకు, ఖుర్ఆన్ పారాయణానికి, పిల్లలకు సమయం మిగులుతుంది. కొత్తగా కాపురం పెట్టిన పేద దంపతులకు నాలుగు వస్తువులతో ఇల్లు గడవడం సిగ్గుచేటు కాదని నలుగురూ ఒప్పుకుంటే అంతకంటే కావలసిందేముంది? అందాన్ని ఇస్లాం నిషేధించలేదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకరణను నిషిద్ధం చేసిందెవరని దివ్య ఖుర్ఆనే (ఆరాఫ్ : 32) ప్రశ్నిస్తోంది. శుభ్రంగా, వెలుతురుగా ఉన్న గది ఒక వరం.

కాని కొందరు సోదరులు ఇంకో అడుగు ముందుకు వేస్తున్నారు. ఇది సున్నత్‌కు దగ్గరి పద్ధతి, ప్రవక్త (స) ఇంట్లో కూడా సామాను లేదు కదా అంటున్నారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

ప్రవక్త (స) గది ఎలా ఉండేదో హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన వర్ణన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన లోపలికి వెళ్ళేసరికి ప్రవక్త (స) ఖర్జూరపు ఆకుల చాప మీద పడుకొని ఉన్నారు. చాపకూ శరీరానికీ మధ్య దుప్పటి లేదు. పక్కటెముకల మీద చాప గుర్తులు పడ్డాయి. తల కింద పీచు కూరిన తోలు దిండు. కాళ్ళ దగ్గర తోలు పదును చేసే ఆకుల కుప్ప, తల వైపు వేలాడుతున్న పచ్చితోళ్ళు. ఒక మూల కొద్దిపాటి బార్లీ. అది చూసి ఉమర్ (రజి) కన్నీరు ఆపుకోలేకపోయారు. కిస్రా, ఖైసర్ ఎలాంటి భోగాలలో ఉన్నారో గుర్తు చేశారు. వారికి ఇహలోకం, మనకు పరలోకం దక్కడం నీకు సమ్మతం కాదా అని ప్రవక్త (స) బదులిచ్చారు.

ఈ గదిని ఫోటో తీస్తే నేటి డిజైనర్ పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చునేమో! కాని ఆ గది ఎందుకు ఖాళీగా ఉంది? దానికి జవాబు మరో హదీసులో దొరుకుతుంది. ఒకనాడు అస్ర్ నమాజు ముగియగానే ప్రవక్త (స) మనుషుల్ని దాటుకుంటూ వేగంగా ఇంట్లోకి వెళ్ళారు. సహచరులు కంగారు పడ్డారు. తిరిగి వచ్చి కారణం చెప్పారు: ఇంట్లో కొంత బంగారం ఉండిపోయిన సంగతి జ్ఞాపకం వచ్చింది, అది తనను పట్టి ఉంచడం ఇష్టం లేక పంచిపెట్టమని ఆదేశించి వచ్చాను అని (బుఖారీ). ఆ ఇంటికి సంపద రాలేదని కాదు. వచ్చిన సంపద ఆగలేదు. అది బీదల ఇళ్ళకూ, బాకీపడ్డ వారి ఇళ్ళకూ వెళ్ళిపోయింది. మిగిలిన ఖాళీయే ఆ గది.

మన తెల్లగోడల ఇంట్లోని ఖాళీ అలా పుట్టిందా? అక్కడా సంపద వచ్చింది. అయితే అది బయటికి పోలేదు, గోడల్లోకి పోయింది. పైకి కనిపించని అల్మారాలలోకి, శబ్దం చేయకుండా మూసుకునే సొరుగుల్లోకి, అతుకు తెలియని బండల్లోకి, డిజైనర్ రుసుములోకి లక్షలు పోయాయి. చెక్కడపు సోఫా తన ఖరీదును పది మందికి అరిచి చెప్పేది. ఈ సాదా సోఫా ధర తెలిసిన నలుగురికి మాత్రమే చెవిలో చెబుతుంది. రెండూ చెప్పేది ధరే.

ఈ మార్పు ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. 1774లో ఇంగ్లండు నుండి అమెరికా చేరిన షేకర్లు అనే క్రైస్తవ వర్గం ఉండేది. అలంకారం అహంకారానికి దారి తీస్తుందని వారి నమ్మకం. అందుకని ఏ నగిషీ లేని కుర్చీలు, బల్లలు తామే తయారు చేసుకునేవారు. వాడనప్పుడు కుర్చీని గోడ మేకుకు తగిలించేవారు. వారి విశ్వాసాలతో మనకు ఏకీభావం లేదు. కాని ఆ కుర్చీలకు పట్టిన గతి చూడదగింది. ఆ వర్గం దాదాపు అంతరించిపోయింది. అహంకారం కలగకూడదని చేసిన కుర్చీలను ఇప్పుడు సంపన్నులు వేలంలో పెద్ద మొత్తాలకు కొని ఇంట్లో ప్రదర్శనకు పెట్టుకుంటున్నారు. వస్తువు అదే, చెక్క అదే. సంకల్పం (నియ్యత్) ఒక్కటే మారింది.

ఇక మూడవ పడక దగ్గరికి వద్దాం.

మన తాతల ఇళ్ళలో సామాను ఎంత ఉండేది? నాలుగు గడంచెలు, ఒక సందూగ, గోడకు రెండు గూళ్ళు. ఒక గూటిలో దీపం, పై గూటిలో గుడ్డలో చుట్టిన ఖుర్ఆన్. స్థితిపరుల దీవాన్‌ఖానాలో ఒక తఖ్త్, షత్రంజీ. లెక్కిస్తే నేటి మినిమలిస్టు ఇంట్లోకన్నా తక్కువే. కాని ఆ సందూగ మీద ఒకటి ఉండేది: పైన దుప్పటి కప్పిన రజాయిల, బొంతల దొంతర. ఆదిలాబాద్ చలి సంగతి మనకు తెలిసిందే. డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోతుంది. ఇంట్లో ఉన్న ఐదుగురికి ఆ దొంతర అవసరం లేదు. అది రాబోయే వాళ్ళది. ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో తెలియని వాళ్ళది. పగలు గోడకు నిలబెట్టిన నులక మంచం రాత్రికి వాకిట్లోకి వచ్చి అతిథి మంచం అయ్యేది. తక్కువ సామాను, ఎక్కువ చోటు అంటే అదీ!

ఇప్పుడు దూరపు బంధువు ఎవరైనా కరీంనగర్ రావడం మానేశారా? మానలేదు. ఊళ్ళలో జబ్బు చేస్తే కరీంనగర్ ఆసుపత్రులకే వస్తారు. ఆదిలాబాద్ చుట్టుపక్కల వాళ్ళు రిమ్స్‌కు వస్తారు. పరీక్ష రాయడానికి పిల్లలు వస్తారు, గల్ఫ్ వెళ్ళేవాడి వెంట ఇద్దరు ముగ్గురు వస్తారు. ఆపరేషన్ అయిన మనిషి పక్కన ఉండేందుకు వచ్చిన ఫుప్పీ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టేదే కాదు. ఇప్పుడు రెండు పడకగదుల ఇంట్లో, ఒక్క సోఫా తప్ప ఏమీ లేని హాల్లో, అదనపు దుప్పటి దాచే చోటు కూడా డిజైన్‌లో లేనప్పుడు, ఆ ప్రశ్న ఇంటివాళ్ళు పైకి అనకపోయినా ఆమెకు వినబడుతుంది. ఆమె ఆసుపత్రి వరండాలో చాప పరచుకుంటుంది. మళ్ళీ పిలవలేదని ఎవరినీ నిందించదు.

మినిమలిజం సూత్రాల్లో ఒకటి, జపానుకు చెందిన మేరీ కొండో పుస్తకం ద్వారా లోకమంతా తెలిసింది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకొని, ఇది నాకు సంతోషం కలిగిస్తోందా అని ప్రశ్నించుకోవాలి. కలిగించకపోతే తీసివేయాలి. ఉతికి మడత పెట్టిన నాలుగు పాత రజాయిలు ఎవరికి సంతోషం కలిగిస్తాయి? ఈ గీటురాయి మీద మొదట ఓడిపోయేది అతిథి సామానే. ఎందుకంటే అది మన కోసం ఉన్నది కాదు. విశ్వాసి వేసుకోవలసిన ప్రశ్న వేరు: దీనిలో ఎవరి హక్కు ఉంది? అల్లాహ్ మీద, అంతిమ దినం మీద విశ్వాసం ఉన్నవాడు అతిథిని గౌరవించాలని ప్రవక్త (స) చెప్పినప్పుడు (బుఖారీ, ముస్లిం), అతిథి గౌరవాన్ని మర్యాదల వరుసలో కాదు, విశ్వాసం పక్కనే నిలబెట్టారు.

కాబట్టి జరిగిందేమిటి? పాత ఫ్యాషన్ మనకు నాలుగవ పడకను ఇచ్చింది. కొత్త ఫ్యాషన్ నాలుగవదాన్ని తీసేసింది, వెంట మూడవదాన్ని కూడా తీసేసింది. నాలుగవదాని ధర మాత్రం వసూలు చేసుకుంది.

ఇంతకీ ఇల్లు బోసిగా ఉండాలని ఇస్లాం కోరుతోందా? కోరడం లేదు. హజ్రత్ సల్మాన్ (రజి) ఒకసారి తన ధర్మసోదరుడు అబూదర్దా (రజి) ఇంటికి వెళ్ళారు. ఆ ఇల్లాలు మాసిన బట్టల్లో కనిపించింది. కారణం అడిగితే, మీ సోదరునికి ప్రపంచంతో పనే లేదు అన్నది. సల్మాన్ (రజి) దీన్ని భక్తిగా మెచ్చుకోలేదు. నీ ప్రభువుకు నీ మీద హక్కు ఉంది, నీ శరీరానికి ఉంది, నీ ఇల్లాలికి ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వు అని హితవు చెప్పారు. ప్రవక్త (స) సల్మాన్ మాటే నిజమన్నారు (బుఖారీ). భర్త వైరాగ్యానికి భార్య మూల్యం చెల్లించకూడదు. నేటికీ ఇది వర్తిస్తుంది. ఇల్లు ఖాళీగా ఉండాలని మగవాడికి ముచ్చట, కూర్చొని కూరగాయలు తరుక్కోవడానికి ఒక పీట కావాలని ఆమె కోరిక. ఆమె మాట వినాలి.

మొదట చెప్పిన పడకల హదీసును ఉల్లేఖించిన జాబిర్ (రజి) ఇంట్లోనే ఇలాంటి చర్చ జరిగిందని చాలామందికి తెలియదు. ఆయన పెళ్ళైన కొత్తలో, మీ ఇంట్లో మెత్తని పరుపు గుడ్డలు ఉన్నాయా అని ప్రవక్త (స) అడిగారు. మాకెక్కడివి అన్నారాయన. ముందు ముందు మీకు వస్తాయి అన్నారు ప్రవక్త (స). తర్వాత అవి వచ్చాయి. జాబిర్ (రజి) తన భార్యతో, వీటిని నా ముందు నుంచి తీసేయి అనేవారు. ఆమె, వస్తాయని ప్రవక్త (స) చెప్పలేదా అని అడిగేది. ఆయన ఊరుకునేవారు (బుఖారీ, ముస్లిం). పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి మదీనాలో ఒక ఇంటి మాటలివి. వాటిలో కోపం లేదు, ఫత్వా లేదు. ఆయన మనసు తేలిక కోరింది, ఆమె న్యాయమైన ఆధారం చూపింది. సామాను ఇంట్లోనే ఉండిపోయింది.

మన జిల్లాలలో ఇంటి సామాను గురించి మాట్లాడుతూ గల్ఫ్‌ను మరచిపోతే ఆ మాట సగమే అవుతుంది. ఇక్కడి ఎన్నో ఇళ్ళు దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్ సంపాదనతో లేచినవే. పంపేవాడు అక్కడ లేబర్ క్యాంపులో ఉంటాడు. ఒక గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన మంచాలు. అతని వాటా ఒక మంచం, ఒక చిన్న అల్మారా, మేకుకు వేలాడే ఒక సంచి. అతని మినిమలిజానికి ఎవరూ పేరు పెట్టలేదు, ఫోటో తీయలేదు. అతను పంపిన డబ్బుతో కట్టిన ఇంట్లో, అతను రెండేళ్ళకొకసారి వచ్చి నలభై రోజులు ఉండిపోయే ఇంట్లో, ఖాళీ జాగా అందం కోసం మళ్ళీ అప్పు చేసి గోడలు మార్పిస్తుంటే, ఆ ఖర్చు అతని ఎన్ని నెలల చెమట అని లెక్క వేసేవారు ఉన్నారా? దుబారా అంటే అనవసరపు వస్తువు కొనడం మాత్రమే కాదు. ఒకరి జీవితకాలాన్ని అవసరం లేనిచోట ఖర్చు పెట్టడం కూడా. ఖుర్ఆన్ దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్నది (బనీ ఇస్రాయీల్ : 27). దానికి ముందు ఆయత్‌లోనే బంధువు హక్కు, నిరుపేద హక్కు, బాటసారి హక్కు ఇవ్వమన్నది. అతిథి, దుబారా మళ్ళీ ఒకే చోట ఎదురవుతున్నారు.

ఇక జహేజ్. ఫర్నిచర్‌కూ దానికీ విడదీయలేని సంబంధం ఏర్పడిపోయింది. టేకు మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా సెట్టు లేకుండా ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళడం ఊహించలేని స్థితికి మన సమాజం వచ్చింది. ఫంక్షన్ హాలు ముందు లారీలో సామాను ఎక్కిస్తుంటే లెక్కపెట్టే కళ్ళు ఎన్నో. ఆ మంచం కోసం ఒక తండ్రి పొలం అమ్మి ఉంటాడు. నాలుగవ పడక షైతానుకు అన్న మాట వేరే వివరణ అక్కర లేకుండా ఇక్కడ కళ్ళ ముందు కనిపిస్తుంది. కొత్త ఫ్యాషన్ ఈ భారం తగ్గిస్తుందని ఆశపడ్డవాళ్ళున్నారు. కాని ఇప్పుడు అబ్బాయి తరఫు నుంచి ఇంకో మాట వినిపిస్తోంది: మా ఇంట్లో అంతా గోడల్లోనే అమర్చాం, మీ మంచాలు, బీరువాలు పట్టవు, ఆ డబ్బు ఇచ్చేయండి. నిరాడంబరత పేరిట అడిగే కట్నమిది! లారీ లేదు కనుక ఎవరికీ కనిపించదు కూడా.

హజ్రత్ ఫాతిమా (రజి) పెళ్ళిలో ఇచ్చిన సామాను ఒక ముఖమల్ లాంటి దుప్పటి, ఒక నీటి తిత్తి, గడ్డి కూరిన ఒక తోలు దిండు. జహేజ్‌ను సమర్థించేవారు దీన్నే ఆధారంగా చూపుతారు. హజ్రత్ అలీ (రజి) మహర్‌గా తన కవచాన్ని ఇచ్చిన సంగతి మాత్రం వదిలేస్తారు. పెళ్ళికొడుకు చేతి నుంచి ఏం వచ్చిందో చెప్పకుండా పెళ్ళికూతురి ఇంటి నుంచి ఏం వెళ్ళిందో చెప్పడం ధర్మం కాదు.

మరొక విషయం కూడా ఆలోచించాలి. మన ఆదిలాబాద్ టేకుకు మంచి పేరుంది. ఆ పేరే అడవికి శత్రువైంది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ప్రాంతంతో సహా, ఇక్కడి అడవుల నుంచి దొంగచాటుగా టేకు కలప తరలిపోవడం ఏళ్ళ తరబడి ఉన్న సమస్య. బిల్లు లేని కలప చవకగా దొరికిందని సంతోషించేవారు, అది ప్రజలందరి ఆస్తిలోంచి దొంగిలించినదని మరచిపోతారు. ఒక్క బల్ల, నగిషీ లేదు, పాలిష్ కూడా లేదు, చూడటానికి ఎంతో సాదాగా ఉంది. కాని కలప దొంగది. ఆ బల్ల మీద ఖుర్ఆన్ పెట్టి చదివితే దాని మూలం మారిపోతుందా? ఇక్కడ వడ్రంగిని తప్పు పట్టడం లేదు. చెక్కపని గౌరవనీయమైన వృత్తి, దైవప్రవక్త జకరియ్యా (అలై) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. కలప ఎక్కడిదని అడగవలసింది కొనేవాడే.

గోడల విషయంలో ఒక హదీసు ఉంది. ఈ కాలపు ఇళ్ళను చూస్తే అది పదే పదే గుర్తుకొస్తుంది. ప్రవక్త (స) ఒక ప్రయాణం నుంచి తిరిగి వచ్చేసరికి హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఒక గుడ్డను తెరగా వేలాడదీశారు. ఆయన ముఖంలో అయిష్టత కనబడింది. దాన్ని లాగివేసి, రాళ్ళకూ మట్టికీ దుస్తులు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదు అన్నారు. ఆయిషా (రజి) ఆ గుడ్డను పారవేయలేదు. కత్తిరించి, ఖర్జూరపు పీచు కూరి రెండు దిండ్లు కుట్టారు. దానికి ప్రవక్త (స) అభ్యంతరం చెప్పలేదు (ముస్లిం). గోడ మీద ఉన్నప్పుడు అయిష్టమైన గుడ్డ, మనుషులు ఆనుకునే దిండు అయ్యేసరికి సమ్మతమైంది.

పాత సామాను తీసివేసి ఇల్లు తేలిక చేసుకోవాలనుకునేవారికి ఇందులో ఆచరణకు పనికొచ్చేది ఉంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, షోకేసు, చెక్కడపు సోఫా, పాత మంచాలు పాతసామాను వాడికి తూకానికి పోతున్నాయి, లేదా మిద్దె మీద వానకు తడుస్తున్నాయి. మీరు కళ్ళు మూసుకొని తప్ప పుచ్చుకోని పనికిమాలినదాన్ని దానంగా ఎంచుకోవద్దని ఖుర్ఆన్ (బఖరా : 267) హెచ్చరించింది కనుక, కాలు విరిగిన మంచం ఎవరికో అంటగట్టి పుణ్యం వచ్చిందనుకోవడం కుదరదు. వడ్రంగిని పిలిపించి కోళ్ళు బిగించి, కొత్త నులకో నవారో అల్లించి ఇవ్వాలి. దానికయ్యే కూలి అదే నెలలో కొన్న కర్టెన్ ఖర్చులో చిన్న భాగం. ఎవరికి ఇవ్వాలో వెతకనక్కర లేదు. జమాఅత్ పెద్దలను అడిగితే నేల మీద పడుకునే వృద్ధులున్న ఇళ్ళ పేర్లు చెబుతారు. రజాయిలు మాత్రం అన్నీ ఇచ్చేయకుండా రెండు ఉంచుకోండి, అల్మారాలో కింది అర ఒకటి వాటికి వదలండి, చలికాలం రాకముందే ఒకసారి ఎండలో వేయండి. ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి రారు.